సప్తమి నాటి బోణీ

సింగపూరు విమానం ఎక్కేనాటికి కేశవులు చేతిలో ఉన్నవి ఇవి. కృష్ణగిరి గోదాములో నాలుగువందల పది మూటల చింతపండు. హోసూరులో, మూకండపల్లి రోడ్డు మీద, ఖాళీగా పడి ఉన్న షాపు ఒకటి. ఆ షాపు తనకే కావాలని పట్టు పట్టిన కూతురు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఒక్కసారి కూడా విమానం ఎక్కించలేదన్న మాటను రోజూ అన్నంతో పాటు వడ్డించే భార్య. ఇంకా, చొక్కా జేబులో, గోదాము గోడ మీది దినసరి క్యాలెండరు నుంచి చింపి మడిచి పెట్టుకున్న నాలుగు కాగితాలు. గురువారం, శుక్రవారం, శనివారం, ఆదివారం.

వీటన్నిటిలో నమ్మదగినవి ఆ నాలుగు కాగితాలేనని అతని అభిప్రాయం.

ఆ ఏడు చింతపండుకు మంచి ధర పలికింది. పలికిన సంగతి ఇంట్లో చెప్పకుండా దాచాడు గానీ, హోసూరు నుంచి వచ్చిన బావమరిది లోకనాథ్ అన్నం తింటూ నోరు జారాడు. "ధర పలికిన ఏడు కూడా తీసుకపోకపోతే ఇంక నేను పైకి పోయేది పాడె మీదనే" అంది తాయారమ్మ. అంత మాట వచ్చాక బేరమాడడానికి ఏమీ మిగల్లేదు.

పాస్ సంగతి తెచ్చింది కూతురు ప్రవీణ. బీకాం చదివి హోసూరులో ఒక ఫ్యాక్టరీ స్టోర్సులో రెండేళ్ళు లెక్కలు చూసింది. ఆ పాస్ ఒకటి కొంటే సింగపూరులో పద్దెనిమిది చోట్లలో ఎన్నిటికి కావాలంటే అన్నిటికి, రెండు రోజుల పాటు, గేటు దగ్గర మళ్ళీ డబ్బు కట్టకుండా పోవచ్చునట. ముగ్గురికీ కలిపి, తగ్గింపు పోను, ఇరవై రెండున్నర వేలు.

కేశవులు ఆ పద్దెనిమిది పేర్లూ చదివించుకుని విన్నాడు. వింటున్నంతసేపూ అతని పెదవి ఒక పక్కకు పోతూనే ఉంది. మూట అడుగున, పైన కొత్త చింతపండు పరిచి, నడిమధ్య నిరుటి నల్ల సరుకు కూర్చి కుట్టడం అతను ముప్పై ఏళ్ళుగా చేస్తున్న పని. మదురై వ్యాపారులు కూడా పట్టుకోలేకపోయారు. అట్లాంటి తనకు, ఎవడో సముద్రం అవతలివాడు, కదిలే నాలుగు సరుకుల నడుమ కదలని పద్నాలుగు కూర్చి మూట కట్టి అమ్మజూస్తున్నాడు.

"పద్దెనిమిది చోట్లంట! అంగడిలో పోని సరుకంతా తెచ్చి దీంట్లో పెట్టినాడు" అన్నాడు.

"పద్దెనిమిదీ చూడమని ఎవురు చెప్పినారు నాయనా? విలువ చేసేవి నాలుగే. ఆ నాలుగూ చూసినామంటే పాసు డబ్బు వచ్చేసినట్లే."

"వచ్చేసినట్లే అంట! రెండేండ్లు ఫ్యాక్టరీలో బోల్టులు ఎంచింది, వ్యాపారం చెప్తాండాది నాకు."

లోకనాథ్ నవ్వాడు. నవ్వడానికి అతనికి కారణం ఉంది. హోసూరులో ఇండ్లు, షాపులు అద్దెకు కుదిర్చి కమీషను తీసుకోవడం అతని పని. ఆ ఖాళీ షాపుకు మొబైలు ఫోన్ల పార్టీ ఒకటి తెచ్చాడు. ఐదు లక్షలు అడ్వాన్సు, నెలకు ఇరవై రెండు వేలు అద్దె. ప్రవీణకేమో ఆ షాపులో గింజ తీసి, నార తీసి, శుభ్రం చేసిన చింతపండును అరకిలో పొట్లాలు కట్టి అమ్మాలని ఉంది. మూకండపల్లి చుట్టూ ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆంధ్రావాళ్ళు వేలమంది ఉన్నారని, రోజూ పులుసు లేనిదే వాళ్ళకు ముద్ద దిగదని, వాళ్ళకు దొరికేదంతా ఉప్పు వేసి బరువు పెంచిన సరుకని ఆమె వాదం.

"అరకిలో! లారీ లెక్కన అమ్మేవాడి కడుపున పుట్టి, తక్కెడలో అరకిలో తూచుకుంటూ కూచుంటుందంట" అని కృష్ణగిరిలో కేశవులు చెప్పని మనిషి లేడు.

కానీ కూతురు వదల్లేదు. చివరికి బావమరిది ఎదుటనే అతను మాట ఇచ్చాడు. మాట కాదది, తూకం.

"సరే. పాసు నీ చేతికిస్తా. ముగ్గురమూ కలిసి చూసినవాటి గేటు ధర ఒకపక్క. పాసుకు పెట్టింది, దాని కోసం తిరిగిన ఖర్చు ఇంగోపక్క. ఒక్క రూపాయి మిగిలించు, షాపు నీది. మిగల్లేదంటే సోమవారం పొద్దున మొబైలు పార్టీకి తాళం ఇచ్చేస్తా."

"సోమవారం ఏకాదశి బావా. బాగుంటాది. పార్టీని రమ్మని చెప్తా" అన్నాడు లోకనాథ్, చెయ్యి కడుక్కుంటూ.

ప్రవీణ అప్పటికప్పుడే ఫోను తీసి పాస్ కొనేసింది. ఫోనులో ఉండేది గాలి, కాగితం కావాలని తండ్రి అంటే, హోసూరులో అచ్చు తీయించి తెచ్చింది. ముగ్గురికీ కలిపి ఒకే కాగితం, దాని మీద చీమలు పాకినట్టు నల్లటి చదరం ఒకటి.

గురువారం మధ్యాహ్నం సింగపూరులో దిగారు. విమానంలో ఇచ్చిన అన్నాన్ని కేశవులు వేలితో పొడిచి చూసి పక్కన పెట్టాడు. ఊరు చూశాడు. దుమ్ము లేదు. దుమ్ము లేని ఊళ్ళో సరుకు ఎక్కించడం దించడం లేదని, సరుకు లేనిచోట జనం ఏం తిని బతుకుతున్నారో అర్థం కాలేదని భార్యతో అన్నాడు. తాయారమ్మ కిటికీలోంచి తల తిప్పలేదు.

లాడ్జిలో ప్రవీణ లెక్క చెప్పింది. రేపు శుక్రవారం జూ, కేబుల్ కారు. ఎల్లుండి శనివారం గాజుమేడల తోట, జెయింట్ వీల్. రెండు రోజులూ రైల్లోనే తిరగడం. పాస్ మొదటిసారి గేటులో చూపించినప్పటి నుంచి నడవడం మొదలవుతుంది, కాబట్టి రేపు పొద్దున జూలో చూపిద్దాం. చెప్పి, ఫోనుకు ఇక్కడి సిమ్ కొనుక్కొస్తానని కిందికి వెళ్ళింది. తాయారమ్మ నిద్రపోయింది.

కేశవులు జేబులోంచి కాగితాలు తీసి మంచం మీద పరిచాడు. శుక్రవారం అష్టమి. శనివారం నవమి.

కృష్ణగిరిలో అయినా కావేరిపట్టణంలో అయినా అష్టమి నవముల్లో కొత్త పద్దు రాసే వ్యాపారి లేడు. కొత్త మూట కుట్టు విప్పరు, కొత్త లారీకి తాడు కట్టరు. చదువుకున్న కూతురికి చెబితే నవ్వుతుంది. నవ్వే మనిషికి చెప్పడం దండగ. ఈ రోజు సప్తమి. గురువారం రాహుకాలం ఒకటిన్నర నుంచి మూడు. చేతి గడియారాన్ని అతను ఇక్కడి సమయానికి తిప్పలేదు. అందులో మూడు ఇరవై. ఊరి లెక్కన చూసినా దాటిపోయింది, ఇక్కడి లెక్కన చూసినా దాటిపోయింది. బోణీ ఇప్పుడే కావాలి.

రోజు తగ్గిపోదా అన్న ఆలోచన అతనికి రాకపోలేదు. వచ్చింది, లెక్క కూడా వేశాడు. గోదాములో పరాయివాడి సరుకు దింపితే అద్దె ఎట్లా కడతారు? దింపిన గంట నుంచి మర్నాడు అదే గంట దాకా ఒక రోజు. ఇప్పుడు మొదలుపెడితే శనివారం ఇదే వేళదాకా పాస్ నడుస్తుంది. శనివారం సాయంత్రం లోపల ఆ తోట, ఆ రంగులరాట్నం చూడడం ఎంతసేపు? పోయేదేమీ లేదు, బోణీ మంచిగడియలో పడుతుంది. పైగా పిల్లకు తెలియకుండా ఆమె పనికి మేలు చేసినట్టు.

కూతురి సంచిలోంచి కాగితం తీసుకుని కిందికి దిగాడు. రెండు వీధుల అవతల పాత బొమ్మల మ్యూజియం ఉంది, పద్దెనిమిదిలో అతి చౌక సరుకు. గేటు ధర మనిషికి ఆరువందలు. బల్ల దగ్గర ఉన్న అమ్మాయి నల్ల చదరాన్ని యంత్రానికి చూపించి, ముగ్గురా అని వేళ్ళు చూపించింది. అతను ఒక వేలు చూపించాడు. ఆమె ఇంగ్లీషులో ఏదో చెప్పింది. పాస్ ముగ్గురికీ ఈ రోజు నుంచి మొదలవుతుంది అన్నది అర్థమైంది. అదే కదా కావలసింది.

"ఎస్, ఎస్. టుడే" అన్నాడు కేశవులు.

లోపల రంగు పోయిన తగరపు కార్లు, కన్ను ఊడిన ఎలుగుబంట్లు గాజుపెట్టెల్లో ఉన్నాయి. కృష్ణగిరిలో పాత ఇనుము కొట్టువాడు కిలో ముప్పైకి కూడా తీసుకోడు. తొమ్మిది నిమిషాల్లో బయటికి వచ్చి, కాగితాన్ని కళ్ళకు అద్దుకుని, మళ్ళీ కూతురి సంచిలో ఉన్నచోటే పెట్టాడు.

శుక్రవారం పొద్దున కింద టిఫిను తింటుండగా ప్రవీణ ఫోను చూసింది. ఒకసారి చూసి, వేలితో కిందికి జరిపి మళ్ళీ చూసింది. తలెత్తి తండ్రి వైపు చూసింది. కేశవులు కాఫీలో నీళ్ళెంత, పాలెంత అని రంగు చూస్తున్నాడు. ఆమె ఫోను బోర్లించి పెట్టింది. ఇడ్లీలో సగం అలాగే వదిలేసి లేచింది.

"అమ్మా, మెత్తని చెప్పులు వేసుకో. నాలుగూ ఈ పొద్దే చూసేస్తాం."

"ఏమిటికి అంత ఆత్రం? రేపు లేదా?" అన్నాడు కేశవులు.

"రేపు వాన అంట నాయనా. ఫోనులో చూపిస్తా ఉండాది."

"ఫోనులో వాన! వాన ఆకాశంలో చూడాల. చింతపండు ఆరబోసేవాడిని అడుగు, చెప్తాడు."

ఆమె అప్పటికే టాక్సీ పిలిచింది. టాక్సీ! రైల్లో అయితే ముగ్గురికీ ఐదువందలు కాని చోటికి పదిహేడువందలు. కేశవులు పెన్ను తీసి క్యాలెండరు కాగితం వెనక రాసుకున్నాడు. వ్యాపారం తెలియనివాళ్ళు తమంతట తామే చెడిపోతుంటే మధ్యలో ఆపడం అతని పద్ధతి కాదు.

జూలో జంతువులు బాగానే ఉన్నాయి, జనమే బాగాలేరు. కోతిని చూడడానికి మూడువేలు కట్టి, కోతి లేచేదాకా చేతులు కట్టుకుని నిలుచున్నారు. కృష్ణగిరిలో కోతి వంటింట్లోకే వస్తుంది. జిరాఫీ ఒకటి మెడ వంచి అతన్ని పైనుంచి కిందికి చూసింది. సరుకు నచ్చక వెనక్కి తిరిగే మదురై వ్యాపారి చూసే చూపు. ప్రవీణ ఫోనులో గంట చూసుకుంటూ, "ఇంగ చాలు, ఏనుగులు మన దెంకణికోట అడవిలో చూసినావు కదా, పదమ్మా" అంటూ తల్లిని నడిపించింది.

మళ్ళీ టాక్సీ. కేబుల్ కారు. తాయారమ్మ కింద సముద్రాన్ని చూసి కళ్ళు మూసుకుని, ఆ కాస్త దూరమూ గోవింద నామాలు చదివింది. "మూసుకున్న కండ్లకు కూడా రెండువేల రెండువందలా?" అన్నాడు కేశవులు. "మీరు తెరుచుకుని చూసినది మాత్రం ఏముంది, గుణకారాలేగా" అంది ఆమె, కళ్ళు తెరవకుండానే.

మళ్ళీ టాక్సీ. గాజుమేడల తోట. ఒక మేడలో చల్లగాలి పెట్టి పూల మొక్కలు పెంచారు. కేశవులు ఒక గులాబీ దగ్గర నిలబడ్డాడు. హోసూరు పక్క బేరిగైలో మనవాళ్ళు ప్లాస్టిక్ కప్పు కింద ఇంతకంటే పెద్ద గులాబీలు పూయించి, పొద్దున్నే కోసి బెంగుళూరు పంపుతారు. వాళ్ళ చుట్టూ వరసకట్టి ఎవరూ ఫోటోలు తీయరు. తాయారమ్మకు అక్కడ మోకాళ్ళు పట్టేశాయి. ప్రవీణ చక్రాల కుర్చీ అద్దెకు తెచ్చింది. మోకాలికి పట్టీ, రాసుకునే మందు కొనింది. కేశవులు వాటినీ రాసుకున్నాడు. కూతురు కుర్చీ తోస్తూ దాదాపు పరుగెత్తుతోంది. నుదుట చెమట. వేటకుక్క తరిమిన మేకలాగా ఇదేం తిరుగుడు, దీన్నే వాళ్ళు ప్లానింగ్ అంటారు కాబోలు అనుకున్నాడు.

పొద్దు వాలే వేళకు జెయింట్ వీల్. ఎక్కినచోటే దింపడానికి మనిషికి రెండున్నర వేలు. ఊరంతా కనిపిస్తోందని తాయారమ్మ మురిసిపోయింది. కేశవులుకు కనిపించింది ఓడరేవు ఒక్కటే. పెట్టెల మీద పెట్టెలు. ఇంత సరుకు ఉండి, కోతులను చూపించి బతుకుతారేమిటి వీళ్ళు?

లిటిల్ ఇండియాలో దోసెలు తింటూ అతను కాగితం బల్ల మీద పెట్టాడు.

"జూ మూడువేలు, తోట రెండువేల ఎనిమిది వందలు, రాట్నం రెండున్నర, తాడు మీది పెట్టె రెండువేల రెండు వందలు. మనిషికి పదివేల ఐదు నూర్లు. ముగ్గురికి ముప్పై ఒకటిన్నర. పాసు ఇరవై రెండున్నర పోతే తొమ్మిదివేలు మిగిలె. మిగిలిందా? ఆగు. టాక్సీలు ఆరువేల ఏడు నూర్లు. కుర్చీ పదమూడు నూర్లు. పట్టీ, మందు పన్నెండు నూర్లు. తొమ్మిదివేల రెండు నూర్లు. రెండు నూర్లు నష్టం."

ప్రవీణ కాగితం తన వైపు తిప్పుకుని కూడిక సరిచూసింది. తప్పు లేదు.

"టాక్సీ ఏమిటికి పట్టాల్సి వచ్చిందో అది కూడా రాయాల కదా నాయనా."

"రాస్తా, చెప్పు. వాన అని రాద్దామా? రేపు వచ్చే వానకు ఈ పొద్దు టాక్సీ!" అని అతను నవ్వాడు. చుట్టూ ఉన్న తమిళులు తిరిగి చూసేంత నవ్వు.

ప్రవీణ నోరు తెరిచి, తల్లి మోకాలి పట్టీ వైపు చూసి, మళ్ళీ మూసుకుంది. "లెక్క సోమవారం దాకా మూయొద్దు" అని మాత్రం అంది.

"రెండు నూర్లకు బిడ్డ నోరు కొడతారా?" అంది తాయారమ్మ.

"రెండు నూర్లు కాదే, లెక్క. రెండు పైసలైనా నష్టం నష్టమే."

అక్కడినుంచే లోకనాథ్‌కు ఫోను చేసి, సోమవారం పది గంటలకు పార్టీని షాపు దగ్గరకు రమ్మన్నాడు. లోకనాథ్ నవ్వు ఫోనులోంచి ప్రవీణకు కూడా వినిపించింది.

శనివారం తెల్లారింది. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు.

కేశవులు కిటికీ దగ్గర నిలబడి చాలాసేపు ఆ ఎండను అనుభవించాడు. ఆడవాళ్ళిద్దరూ ఒళ్ళు నొప్పులతో పడుకుని ఉన్నారు. అతని లెక్కన పాస్‌కు సాయంత్రం దాకా ప్రాణం ఉంది. నదిలో పడవ షికారు ఒకటి ఆ జాబితాలో ఉంది, మనిషికి పదిహేనువందలు. తను ఒక్కడే పోయి ఊరికే తిరిగివచ్చి, ఇదిగో, చేతిలో ఒక రోజు పెట్టుకుని వదిలేశావు అని చూపిస్తే, ఇంక ఈ జన్మలో ఆ పిల్ల వ్యాపారం మాట ఎత్తదు.

కాగితం తీసుకుని వెళ్ళాడు. పడవ గేటు దగ్గర విభూతి పెట్టుకున్న ఒక తమిళాయన కూర్చుని ఉన్నాడు. యంత్రం కింద కాగితం పెడితే ఎర్రదీపం వెలిగింది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ ఎర్రదీపం.

"అయిపోయిందయ్యా ఇది. నిన్నటితో సరి" అన్నాడు ఆయన తమిళంలో.

"ఎట్లా అయిపోతుంది? రెండు రోజులు. గురువారం సాయంత్రం మొదలుపెట్టినాను. ఈ రోజు సాయంత్రం దాకా ఉండాలి" అన్నాడు కేశవులు, అతనూ తమిళంలోనే.

"గురువారం ఒకటి. శుక్రవారం రెండు. ఏ గంటకు మొదలుపెట్టినా తేదీ మారితే రోజు పోయినట్టే. కాగితం అడుగున రాసే ఉంది చూడండి."

"మా గోదాములో రోజంటే గంటకు గంట."

"ఇది గోదాము కాదు అయ్యా. పడవ."

వెనక వరసలో ఉన్నవాళ్ళు ఓర్పుగా నిలబడి ఉన్నారు. ఆ ఓర్పే అతనికి ఎక్కువ అవమానం అనిపించింది. పక్కకు వచ్చి నది ఒడ్డున బల్ల మీద కూర్చున్నాడు. కాగితం అడుగున చీమ తలకాయంత అక్షరాలు ఉన్నాయి. చదవలేదు. చదవాల్సిన పని లేకుండానే అంతా అర్థమైంది.

టిఫిను దగ్గర బోర్లించిన ఫోను. సగం వదిలేసిన ఇడ్లీ. ఫోనులో వాన.

క్యాలెండరు కాగితం తీసి ఇంకో లెక్క రాశాడు. మొదట అనుకున్నట్టే పిల్ల శుక్రవారం జూ, కేబుల్ కారు చూపించి ఊరుకుని ఉంటే వచ్చేది పదిహేనువేల ఆరు వందలు. ఏడువేలకు వంద తక్కువ నష్టం. బోణీ కాకుండా ఉంటే? రెండు రోజులూ రైలు. పదిహేనువందల ఖర్చు. కుర్చీ లేదు, మందు లేదు. ఏడున్నర వేలు మిగులు. టాక్సీలు కూతురి పద్దులో రాశాడు. అవి ఎవరి పద్దు?

మూట కుట్టు ఎవడు విప్పితే తరుగు వాడిదే. కృష్ణగిరిలో ఆ మాట మీద అతను ఎంతమంది హమాలీల కూలి కోశాడో లెక్కలేదు.

 తరువాత వ్యాపారి బుర్ర తన పని తాను మొదలుపెట్టింది. ఈ సంగతి పిల్లకు తెలిసే ఉంటుందా? ఫోనులో తేదీ అయిపోయిందని మాత్రమే కనిపించి ఉంటుంది. యంత్రం తప్పు అనుకుని ఉంటుంది. తెలిసి ఉంటే అడగకుండా ఉంటుందా? ఈ కాలపు పిల్లలు కడుపులో ఏది దాచుకుంటారు? తెలిసినవాళ్ళు ముగ్గురే. తను, ఆ విభూతి ఆయన, ఒక యంత్రం. జేబులో బొమ్మల మ్యూజియం చీటీ తగిలింది. నాలుగు ముక్కలు చేశాడు. ఆ ఊళ్ళో కింద పడేస్తే జరిమానా అని విని ఉన్నాడు కాబట్టి, చెత్తడబ్బా వెతుక్కుంటూ ఫర్లాంగు నడిచి అందులో వేశాడు.

"యాడికి పోయింటిరి?" అంది తాయారమ్మ.

"గాలికి."

ఆదివారం తిరుగు విమానంలో కేశవులుది నడిమి సీటు. ఒకపక్క భార్య, ఇంకోపక్క కూతురు. సీటు పటకా బిగించుకోమన్న దీపం వెలిగి, విమానం పైకి లేచాక, ప్రవీణ ఫోను తీసి అతని ముఖం ముందు పెట్టింది. గురువారం, సాయంత్రం ఆరుంబావు, బొమ్మల మ్యూజియం, ఒక మనిషి, మొదటి రోజు.

"బోణీ చేసినావా నాయనా?"

కేశవులు లేవబోయాడు. పటకా ఆపింది.

"నీకు... ఎప్పుడు తెలిసింది?"

"శుక్రవారం ఇడ్లీ తింటాన్నప్పుడు. అష్టమి నవమి అని నాకు తెలీదా? మన గోదాములో పెరిగినదాన్ని కాదా? ముందే తోచింటే బుధవారమే నీకు చెప్పి, పాసు నా కాడ పెట్టుకునేదాన్ని. తోచలేదు. అది నా తప్పు, రాసుకున్నా."

"అప్పుడే చెప్పచ్చు కదమ్మా!"

"చెప్పింటే ఏం చేసింటావు? పాసు కంపెనీవాడు దొంగ అంటావు. ఆ బొమ్మలదాని కాడికి పోయి, రోజంటే గంటకు గంట అని మధ్యాన్నం దాకా జగడం చేస్తావు. మనకు ఉండేదే ఒక రోజు. నీ జగడానికి అర రోజు పోతే మిగిలేది రెండు చోట్లు. టాక్సీకి ఆరువేలు, జగడానికి పదిహేనువేలు. నేను టాక్సీ పట్టినా."

"మరి రాత్రి లెక్క చూపించినప్పుడు?"

"అమ్మ కాలు నొప్పితో కూచోనుండె. దోసె చల్లారిపోతాండె. ఈడైతే నువ్వు లేచిపోలేవు కదా."

కేశవులుకు ఒక దారి దొరికింది అనిపించింది. "నాకు నిన్ననే తెలుసులేమ్మా. పడవ కాడ చెప్పినారు" అన్నాడు, పెద్దమనిషి గొంతుతో.

అది పొరపాటు. ఇంతసేపూ మేఘాలు చూస్తున్న తాయారమ్మ తల తిప్పింది.

"నిన్ననే తెలిసిందా? తెలిసి నోరు మూసుకుని కూచున్నారా? గాలికి పోయినాననిరి. సోమవారం దాకా మూసుకుని, షాపు వాళ్ళకిచ్చేసి, తరువాత కూడా మూసుకునే ఉండేవారు కదా?"

కేశవులు పటకా కొస సవరించుకున్నాడు.

"ముప్పై ఏండ్లుగా మూట నడుమ నల్ల చింతపండు పెట్టేది ఊరివాళ్ళకే అనుకున్నా. ఇంట్లో కూడా పెడతారని నాకు తెలీదు." ఆ మాట అని ఆమె మళ్ళీ కిటికీ వైపు తిరిగింది. బెంగుళూరు వచ్చేదాకా అతనితో మాట్లాడలేదు. అతను మాత్రం, పక్కకు జరగడానికి వీల్లేని నడిమి సీట్లో, నాలుగు గంటలు కూర్చున్నాడు.

సోమవారం పది గంటలకు హోసూరు షాపు ముందు లోకనాథ్, మొబైలు పార్టీ, ఒక కొబ్బరికాయ సిద్ధంగా ఉన్నాయి. కేశవులు తాళంచెవి కూతురి చేతిలో పెట్టాడు.

"ఏమి బావా ఇది? పాసులో నష్టమని మీరే కదా ఫోను చేస్తిరి?"

"లెక్కలో ఒక పద్దు తప్పు గడిలో పడినాది. సరి చేసినా."

"ఎంత పద్దు?"

"తొమ్మిదివేల రెండు నూర్లు. నాది."

"ఐదు లక్షల అడ్వాన్సు పోతాండాది బావా!"

"పోతాండాది. నీ కమీషను కూడా పోతాండాది. అందుకే నీకు అంత బాధ" అని కేశవులు కొబ్బరికాయ అతని చేతిలోంచి తీసుకున్నాడు. ఖర్చు పెట్టి తెచ్చిన కాయ, ఊరికే పోనివ్వడం ఎందుకు?

మొదటి వారం అతను గోదాము నుంచి నాలుగు మూటలు పంపాడు, మార్కెట్టు ధరకే, ఒక్క రూపాయి తగ్గించకుండా. ప్రవీణ వాటిని పైన విప్పి చూడలేదు. మూటను అడ్డంగా పడుకోబెట్టి, నడిమికి కత్తి వేసింది. నల్ల సరుకు మూటకు మూడుకిలోలు చొప్పున తీసి, తూచి, గోనెలో కట్టి, బిల్లులో కోత వేసి, అదే ఆటోలో కృష్ణగిరికి తిప్పి పంపింది. కేశవులు ఫోనులో అరిచాడు. ఆమె అరవలేదు. కోత పోను మిగతా డబ్బు మాత్రం అరుపు పూర్తయ్యేలోగా అతని ఖాతాలో పడింది.

మూడు నెలలు గడిచాక అతను ఒక ఆదివారం గోదాములో కూర్చుని లెక్క తేల్చాడు. పోయినవి: ఐదు లక్షల అడ్వాన్సు, నెలకు ఇరవై రెండు వేల అద్దె. షాపులో అరకిలో పొట్లాలు రోజుకు నలభై పోతున్నాయి. కూలి, కవర్లు, కరెంటు పోను మూడో నెల మిగిలింది ఇరవై మూడువేల నాలుగు వందలు. అద్దె కంటే పద్నాలుగు వందలు ఎక్కువ. అందులో అతని వాటా లేదు. అతనికి వచ్చినవి: నెలకు పదిహేను మూటలు కొనే ఒక ఖాతా, అరువు లేకుండా, నడిమికి కోసి చూసి. ఆ పదిహేనూ ఇప్పుడు అడుగు నుంచి పైదాకా ఒకే సరుకు. అట్లా కుట్టడం హమాలీలకు కొత్త కాబట్టి, ఆ మూటల దగ్గర అతనే నిలబడి కుట్టిస్తున్నాడు.